ఘాతాంకంలో సంవర్గమానం

2^(లాగ్₂ 5) విలువ ఎంత? ఈ లెక్క నల్లబల్ల మీద రాయగానే, “కాలిక్యులేటరు కావాలి మాష్టారూ!” అంటారు పిల్లలు. నిజానికి కాలిక్యులేటరూ అక్కర్లేదు, సంవర్గమాన పట్టికలూ అక్కర్లేదు. జవాబు 5. ఎలాగో చూద్దాం. (^ గుర్తుకు ఎడమపక్క ఉన్నది భూమి, కుడిపక్క ఉన్నది ఘాతాంకం అని చదువుకోండి.)

సంవర్గమానం అంటే ఒక ప్రశ్నకు జవాబు. 2ను ఏ ఘాతానికి పెంచితే 8 వస్తుంది? 3వ ఘాతానికి. ఈ 3నే లాగ్₂ 8 అని రాస్తాం. అలాగే 2ను ఏ ఘాతానికి పెంచితే 5 వస్తుందో, ఆ ఘాతాంకమే లాగ్₂ 5. 2² = 4, 2³ = 8 కనుక అది 2కూ 3కూ మధ్య ఉండాలి. సుమారు 2.32 అన్నమాట.

ఇప్పుడు అదే ఘాతాంకాన్ని తెచ్చి 2 మీద పెట్టాం. ఏమి రావాలి? మీ ఊరు ఇక్కడికి ఎన్ని కిలోమీటర్లో అడిగి, ఆ దారిలో సరిగ్గా అన్ని కిలోమీటర్లూ నడిస్తే ఎక్కడికి చేరతారు? మీ ఊరికే కదా! ఇక్కడా అంతే. ఘాతపు భూమి, లాగ్ భూమి ఒకటే అయితే, లాగ్ లోపలి సంఖ్యే జవాబు. అయితే ఆ భూమి ధనసంఖ్య కావాలి, 1 కాకూడదు. లాగ్ లోపలి సంఖ్య కూడా ధనసంఖ్యే కావాలి.

ఇంతవరకు సులభమే. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఏటా నాకు కనబడే తప్పులు దీని తరువాతే వస్తాయి.

1. 2^(3 లాగ్₂ 5) = 3 × 5 = 15 అని రాస్తారు. తప్పు. ఆ 3 ఘాతాంకంలో ఉన్న గుణకం. ఘాతాంక న్యాయం ప్రకారం ఇది 2^(లాగ్₂ 5)కు ఘనం, అంటే 5³ = 125.

2. 2^(3 + లాగ్₂ 5) = 3 + 5 = 8 అని రాస్తారు. ఇదీ తప్పే. ఘాతాంకాలలోని కూడిక బయటకు వచ్చేసరికి గుణకారం అవుతుంది. కాబట్టి 2³ × 5 = 40.

3. 9^(లాగ్₃ 4) చూసి 4 అంటారు. ఇక్కడ భూములు వేరు. ముందు 9ని 3²గా మార్చండి. అప్పుడు 3^(2 లాగ్₃ 4) = 4² = 16.

1614లో స్కాట్లాండుకు చెందిన జాన్ నేపియర్ సంవర్గమానాలను ప్రకటించింది పెద్ద పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చడానికే. మనం పైన చేసినది ఆ దారినే వెనక్కి రావడం.

ఈ లెక్కలు పరీక్షలకే పరిమితం అనుకోకండి. ఒక ద్రావణం పీహెచ్ 4.7 అనుకుందాం. అందులో హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు 10^(−4.7) మోల్‌లు. −4.7 అంటే 0.3 − 5. లాగ్₁₀ 2 విలువ సుమారు 0.3 కనుక 10^(0.3) సుమారు 2. కాబట్టి గాఢత 2 × 10^(−5), అంటే సుమారు 0.00002 మోల్‌లు. మరి పీహెచ్ 3.7కు దిగితే? “తగ్గింది ఒకటే కదా” అనుకునేరు! ఘాతాంకంలో 1 పెరిగింది కనుక గాఢత 10 రెట్లు అవుతుంది. కూడికకూ గుణకారానికీ తేడా గమనించకపోతే ఆమ్లం బలాన్నే తప్పుగా అంచనా వేస్తాం.

ఇవి మీరే చేసి చూడండి:
(అ) 5^(2 లాగ్₅ 3)
(ఆ) 10^(1 + లాగ్₁₀ 6)
(ఇ) 4^(లాగ్₂ 7)
(ఈ) 3^(2 − లాగ్₃ 18)

జవాబులు: (అ) 9 (ఆ) 60 (ఇ) 49 (ఈ) 1/2. చివరిదానికి 1/2 ఎలా వచ్చిందో మీ మిత్రునికి వివరించి చెప్పగలిగితే, పాఠం మీకు పట్టుబడినట్లే.