ఫుట్‌బాల్ ఆడే మీ అబ్బాయి బక్కగా ఉన్నాడా?

అసర్ నమాజు అయ్యాక కోరాపుట్, జయపురం, సునాబేడ, రాయగడ, ఏ ఊరి మైదానం చూసినా పిల్లలు బంతి వెంట పరుగులు తీస్తుంటారు. జట్టును ఎంపిక చేసే రోజు వచ్చేసరికి మాత్రం కొన్ని ఇళ్ళలో దిగులు మొదలవుతుంది. "పక్కింటి కుర్రవాడిదీ మావాడిదీ ఒకటే వయసు. వాడు తలెత్తు పొడుగున్నాడు, మావాడు బక్కపలచన అని పక్కన పెట్టారు. హకీం సాబ్, బలానికి ఏదైనా మాజూన్ చెప్పండి" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. మందు అడిగే ముందు కొలతలు తీసుకోండి. చాలాసార్లు ఆ పిల్లవాడికి కావలసింది మందు కాదు, కొంత సమయం.

లహ్మ్, షహ్మ్

మనిషి మిజాజ్‌ను తెలుసుకోవడానికి యునానీ వైద్యంలో పది రకాల గుర్తులు ఉన్నాయి. వీటిని అజ్నాసె అషరా అంటారు. వాటిలో ఒకటి లహ్మ్ వ షహ్మ్, అంటే కండ, కొవ్వు. కండ ఎక్కువగా ఉంటే వేడి, తేమ ఎక్కువని, కొవ్వు ఎక్కువగా ఉంటే చలువ, తేమ ఎక్కువని హకీములు అంచనా వేస్తారు. నేటి క్రీడా వైద్యులు కూడా ఒంటి బరువును కొవ్వు, కొవ్వు కాని భాగం అని విడదీసే చూస్తారు. కాటా మీద నిలబడితే ఈ తేడా తెలియదు. బరువు పెరిగిందని సంతోషించే ముందు, పెరిగింది కండా, కొవ్వా అని చూడాలి.

ఇంట్లో ఎలా కొలవాలి?

మూడు నెలలకు ఒకసారి, ఉదయం పూట, కాలకృత్యాలు తీరాక కొలవండి. సాయంత్రానికి ఎత్తు కొద్దిగా తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళ మంచిది. చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకు ఆనించి, చూపు ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. తలపై గట్టి అట్ట పుస్తకం సమంగా ఉంచి గుర్తు పెట్టండి. తరువాత స్టూలు మీద కూర్చోబెట్టి, కూర్చున్న ఎత్తు కూడా రాసుకోండి. కాళ్ళు ఎంత సాగాయో, మొండెం ఎంత పెరిగిందో దీనివల్ల తెలుస్తుంది. భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యన జబ్బ చుట్టుకొలత తీసుకోండి.

కొవ్వు శాతం తెలియాలంటే జబ్బ వెనుక, భుజపుటెముక కింద చర్మపు మడతను ఒక పరికరంతో కొలుస్తారు. అది శిక్షణ పొందినవారి పని. జిమ్ములలో ఉండే కరెంటు యంత్రాల లెక్క తాగిన నీటిని బట్టి కూడా మారుతుంది. దానిని చూసి కంగారు పడకండి.

ఒక ఉదాహరణ

13 ఏళ్ళు నిండిన ఇద్దరు అబ్బాయిలు ఉన్నారనుకోండి. ఒకరి ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 36 కిలోలు. రెండవవాడు 160 సెంటీమీటర్లు, 52 కిలోలు. బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే మొదటివాడికి 16.4, రెండవవాడికి 20.3 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టిక ప్రకారం ఈ వయసు అబ్బాయికి 14.9 కన్నా తగ్గితేనే బక్కతనం, 20.8 దాటితే అధిక బరువు. అంటే ఇద్దరూ ఆరోగ్యవంతులే! రెండవవాడు ముందుగా ఎదిగాడు, అంతే.

అబ్బాయిలు సుమారు 14 ఏళ్ళ వయసులో, అమ్మాయిలు 12 ఏళ్ళ వయసులో వేగంగా పొడుగు సాగుతారు. అయితే ఒకే నెలలో పుట్టిన పిల్లల మధ్య కూడా ఎముకల ఎదుగుదలలో రెండు మూడేళ్ళ తేడా ఉండవచ్చు. ముందు ఎత్తు పెరుగుతుంది, కండబలం ఆ తరువాత వస్తుంది. కనుక శిక్షకులకు ఒక మనవి. 13 ఏళ్ళ పిల్లవాడిని ఎత్తు చూసి పక్కన పెడితే, మూడేళ్ళ తరువాత రాణించే ఆటగాణ్ణి ఈ రోజే పోగొట్టుకున్నవారవుతారు.

ఏం పెట్టాలి?

యునానీలో ఇది సిన్నె నుమూ, పెరిగే వయసు. ఈ వయసు మిజాజ్ వేడి, తేమ గలది. దానికి ఆహారమే మొదటి మందు. మన ప్రాంతంలో దొరికే చోళ్ళకు మించినది లేదు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నంలోకి పప్పు లేక ఉలవలు, గుడ్డు లేక చేప, సాయంత్రం నాలుగు ఖర్జూరాలు చాలు. నిండు కడుపుతోనూ, ఖాళీ కడుపుతోనూ వ్యాయామం చేయరాదని ఇబ్నె సీనా (980–1037) అల్ ఖానూన్‌లో చెప్పాడు. భోజనానికి, ఆటకు మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ఆటకు ముందు, తరువాత తేలికగా ఒళ్ళు మర్దన చేయడం, అంటే దల్క్, పాత పద్ధతే.

ఆటకు ముందు, తరువాత బరువు చూడండి. 36 కిలోల పిల్లవాడు ఆట అయ్యాక 700 గ్రాములకు పైగా తగ్గితే నీళ్ళు తక్కువ తాగినట్లే.

ఈ పొరపాటు చేయవద్దు

త్వరగా ఒళ్ళు చేస్తుందని చెప్పే పేరులేని పొడులు పెట్టకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఎముకలు ముందే ముదిరి, ఎదగాల్సిన ఎత్తు కూడా ఆగిపోతుంది. అర్హత గల హకీం చెప్పనిదే కుష్తాలు ఇవ్వకండి.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, రెండు కొలతల మధ్య బరువు తగ్గినా, కొద్దిపాటి పరుగుకే ఆయాసం వచ్చినా, కళ్ళు, గోళ్ళు పాలిపోయినా, మోకాలి చిప్ప కింద నొప్పి తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. మలేరియా, సికిల్ సెల్ ఉన్న ప్రాంతం మనది. రక్తపరీక్ష చేయించకుండా టానిక్కులు పోయవద్దు. ఆడే అమ్మాయికి నెలసరి ఆగిపోతే తిండి చాలడం లేదని అనుమానించి వైద్యునికి చూపించాలి. మెస్సీకి చిన్నతనంలో ఎదుగుదల హార్మోను లోపం ఉందని వైద్యులు కనిపెట్టి చికిత్స చేశారు. ఈనాటికీ ఆయన ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లే!

ఒక నోటు పుస్తకం కొని ఈ శుక్రవారమే మొదటి కొలత రాయండి. మీ అబ్బాయిని పక్కింటి అబ్బాయితో కాదు, మూడు నెలల కిందటి తనతోనే పోల్చండి.