పంచాయతీ ట్రాక్టరు ఇంజనుకు సిలికాన్ పేస్టు

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దారి. ఈ రెండు ఊళ్లలోను, నడుమను ట్రాక్టర్లు బాగుచేయు షెడ్లు అనేకము కానవచ్చును. కె.సి. కాలువ క్రింద వరియు, నల్లరేగడి నేలలలో శనగయు పండించు ఈ ప్రాంతమున ట్రాక్టరు లేనిదే సేద్యము సాగదు. నేడు పంచాయతీలకును అది కావలసినదే అయినది. ఇంటింటి చెత్తను తీసికొనిపోవుటకు, వేసవిలో నీటి ట్యాంకరును లాగుటకు ట్రాక్టరు ఒక్కటే గతియైన గ్రామములు కలవు. అది వారము దినములు షెడ్డులో నిలిచినచో వీధులలో చెత్త ప్రోగుపడును. మరమ్మతు బిల్లు పంచాయతీ నిధినుండి చెల్లింపవలసి వచ్చును. కావున ఆ బిల్లులలో తరచుగా కనబడు ఒక చిన్న వస్తువును గురించి సభ్యులు కొంత తెలిసికొనుట మంచిది. అదియే సిలికాన్ పేస్టు.

ఇంజనులో రెండు లోహపు భాగములను బోల్టులతో బిగించినప్పుడు, వాని ముఖములు కంటికి ఎంత నునుపుగా తోచినను, నడుమ సన్నని సందులు మిగిలియే యుండును. వేడెక్కిన ఆయిలు ఆ సందులగుండ చెమర్చును. దానిని ఆపుటకై బెండుతోగాని, దట్టమైన కాగితముతోగాని కత్తిరించిన గ్యాస్కెట్టును నడుమ నుంచుదురు. పూర్వము మేస్త్రీలు గ్యాస్కెట్టుకు షెల్లాక్ పూసెడివారు. అది లక్కనుండి తీసినదే. ఇప్పుడు చాలచోట్ల ఆ స్థానమున సిలికాన్ వచ్చినది. కొన్ని ఇంజన్లలో గ్యాస్కెట్టు లేకయే, కంపెనీవారే కొన్ని భాగములను ఈ పేస్టుతో బిగించి పంపుచున్నారు.

ఈ పదార్థమునకు మూలము ఇసుకలో నుండు సిలికాన్ అను మూలకము. ఇంగ్లండులో కిప్పింగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1901లో ఇట్టి సమ్మేళనములకు సిలికోన్ అని పేరు పెట్టెను. అవి ఇంతగా ఉపయోగపడునని ఆయనయే అనుకొనలేదు. 1969లో చంద్రునిపై అడుగిడినవారి బూట్ల అడుగుభాగము సిలికోన్ రబ్బరుతో చేసినదే యనిన, వేడికిని చలికిని అది ఎంతగా ఓర్చుకొనునో ఊహింపవచ్చును.

ట్యూబులో ఉన్నంతవరకు పేస్టు వెన్నవలె మెత్తగా నుండును. బయటకు వచ్చిన తరువాత గాలిలోని తేమను గ్రహించి రబ్బరుగా మారును. మనవారు దీనిని ఆరుట యందురు. బురద ఎండకు ఆరినట్లు ఆరునని తలంతురు. అది పొరపాటు. తేమ లేనిదే అది గట్టిపడదు. మే నెలలో నంద్యాల ఎండలు ఎట్టివో అందరికిని తెలిసినదే. ఎండ మెండుగా ఉన్నది గదా, గంటలో పని ముగియునని ఎవరును అనుకొనరాదు. గాలి మరీ పొడిగా నున్నచో ఇంకను ఆలస్యమగును. పై పొర కొన్ని నిమిషములలోనే చేతికంటకుండ నగును గాని, లోపలి భాగము పూర్తిగా రబ్బరగుటకు సాధారణముగా 24 గంటలు పట్టును.

కొంతకాలము క్రిందట ఆళ్లగడ్డ వైపున ఒక షెడ్డులో, విప్పి పెట్టిన ఒక పంచాయతీ ట్రాక్టరు ఇంజనును మేము చూచితిమి. అంతకుముందు దాని ఆయిల్ చాంబరు వద్ద ఆయిలు కారుచుండెనట. మరునాడు ఊరిలో తిరునాళ్ల కావున బండి సాయంత్రమునకే కావలెనని సభ్యులు తొందరపెట్టిరి. మేస్త్రీ పాత గ్యాస్కెట్టును మార్చక, దానికి ఇరువైపులను పేస్టును దట్టముగా పూసి బిగించెను. కారుట ఆగినది, అందరును సంతోషించిరి. కాని బోల్టులు బిగించినప్పుడు బయటకు ఎంత పేస్టు పొంగునో, కంటికి కనబడని లోపలివైపునకు నంతే పొంగును. ఆ ముక్కలు తెగి ఆయిలులో పడి, ఆయిలు పంపునకు ముందుండు జల్లెడను కప్పివేసినవి. కొన్నాళ్లకు ఆయిలు ప్రెషరు దీపము వెలిగెను. దీపమే చెడినదని డ్రైవరు దానిని లెక్కచేయలేదు. ఆయిలు అందక బేరింగులు కాలి, క్రాంకు షాఫ్టు పట్టివేసెను. కొన్ని వందల రూపాయలకు మించని ట్యూబు, ఇంజను మొత్తమును తిరిగి కట్టవలసిన పనికి దారితీసినది. మేస్త్రీది తప్పని సభ్యులు, డ్రైవరుది తప్పని మేస్త్రీ వాదులాడుచుండిరి. మా అభిప్రాయమున, సాయంత్రమునకే కావలెనన్న సభ్యులకును అందు భాగము కలదు.

సరియైన పద్ధతి కష్టమైనది కాదు. పాత గ్యాస్కెట్టును, పాత పేస్టును పూర్తిగా గీకివేసి, రెండు ముఖములను జిడ్డు లేకుండ తుడువవలెను. ఆయిలు అంటియున్న లోహమునకు ఏ పేస్టును పట్టదు. సగము మరమ్మతులు చెడుట ఇచ్చటనే. తరువాత ఒక ముఖముపై 2, 3 మిల్లీమీటర్ల లావున, ఎచ్చటను తెగకుండ, ఒకే గీత వేయవలెను. బోల్టు రంధ్రముల వద్ద గీత లోపలి ప్రక్కగా పోవలెను. పై పొర కట్టకమునుపే భాగమును అమర్చి, బోల్టులను ఒక్కొక్కటిగా, ఎదురెదురుగా, సమముగా బిగింపవలెను. ఆ రాత్రి బండిని కదల్చరాదు. ఆయిలును మరునాడే పోయవలెను.

ఈ పేస్టు పనికిరాని చోట్లును కలవు. హెడ్డు గ్యాస్కెట్టు పోయినప్పుడు, దానికి బదులుగా పేస్టు పూసెదనన్న మేస్త్రీని నమ్మరాదు. డీజిలు ఇంజను సిలిండరులో మంట పుట్టినప్పటి ఒత్తిడి, మన చుట్టునున్న గాలి ఒత్తిడికి నూరు రెట్లు మించియుండును. దానికి ఈ రబ్బరు క్షణమాత్రమును నిలువదు. పెట్రోలు తగులు చోట సిలికాన్ ఉబ్బి ఊడిపోవును. కిటికీ అద్దములకు వాడు ట్యూబును ఇంజనుకు వాడుటయు తగదు. అట్టివానిలో కొన్ని గట్టిపడునప్పుడు వెనిగరు వాసన వేయును. ఆ ఆమ్లము లోహమును తినివేయును. ఆయిలును, వేడిని తట్టుకొనునని ట్యూబుపై వ్రాసియున్న రకమునే, గడువు తేదీ చూచి, తెప్పింపవలెను.

బిల్లు మంజూరు చేయునపుడు గ్యాస్కెట్టు, పేస్టు, ఆయిలు, కూలి వేరువేరుగా వ్రాసియున్నవా యని చూడుడు. ‘ఇంజను మరమ్మతు’ అని ఒక్క మాటలో వచ్చిన బిల్లును త్రిప్పి పంపుటకు సంకోచింపనక్కరలేదు. తీసివేసిన పాత గ్యాస్కెట్టును కార్యదర్శికి చూపవలెనని ముందుగనే చెప్పియుంచుడు. బండిని బిగించిన గంటయు, మరల నడిపిన గంటయు లాగుబుక్కులో వ్రాయింపుడు. మొదటి వారము డ్రైవరు ప్రతి ఉదయమును చాంబరు క్రింద ఒక పాత కాగితము పరచి చూచినచో చాలును; ఆయిలు చుక్క పడినది లేనిది అదే చెప్పును.

మిగిలిన ట్యూబును కూడ పంచాయతీ ఆఫీసుకే తెప్పించుకొనుడు. మూత గట్టిగా బిగించి, ఎండ తగులని బీరువాలో ఉంచినచో కొంతకాలము నిలువయుండును. మూత వదులైనచో గాలిలోని తేమ సోకి, ట్యూబులోనే రబ్బరై కూర్చుండును.