లేజరుకు వెళ్లే ముందు చర్మాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు లేజరుతో తీయించుకోవచ్చా అని అడిగే ఆడపిల్లలు ఈ మధ్య ఓపీలో తరచుగా కనబడుతున్నారు. పక్కనే తల్లి నిలబడి, "పెళ్లిచూపుల లోపు అయిపోవాలి సిస్టరమ్మా" అంటుంది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పలాస, టెక్కలి నుండి చాలామంది ఇందుకోసం విశాఖపట్నమో, బరంపురమో వెళ్లి వస్తున్నారు. పై పెదవికైతే అక్కడ పట్టేది కొద్ది నిమిషాలే. కానీ చర్మం బాగుంటుందా, కాలి మచ్చ పడుతుందా అన్నది అంతకు ముందు నెల రోజులు మీరు ఇంటి దగ్గర ఏం చేశారన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

లేజరు అంటే బలమైన కాంతి. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ ఆ కాంతిని పీల్చుకొని వేడెక్కుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. అయితే అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది. చామనఛాయ వారిలో, నల్లని వారిలో మరీ ఎక్కువ. కుదురుకు చేరవలసిన వేడి పై చర్మంలోనే ఆగిపోతే బొబ్బలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి. మన ఛాయకు సాధారణంగా 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరు ఎక్కువ క్షేమం. ఏ యంత్రంతో చేస్తారు, దగ్గర చర్మవైద్యులు ఉంటారా, ముందుగా చిన్న చోట పరీక్షించి చూస్తారా అని అడగండి. అడిగినందుకు విసుక్కునేచోట చేయించుకోకపోవడమే మంచిది.

నాలుగు వారాల ముందు నుండి త్రెడింగ్, వ్యాక్సింగ్, పట్టకారుతో పీకడం మానేయాలి. వెంట్రుకను కుదురుతో సహా లాగేస్తే లేజరు కాంతిని పట్టుకునేందుకు లోపల ఏమీ మిగలదు, డబ్బు దండగ. అంతకాలం ముఖం చూసుకోలేమని పిల్లలు బాధపడతారు. కత్తెరతో కత్తిరించుకోవచ్చు, రేజరుతో గీసుకోవచ్చు. గీస్తే మందంగా మొలుస్తాయన్నది అపోహ మాత్రమే. లేజరుకు ముందు రోజు గీసుకొని వెళ్లాలి కూడా.

ఇక ఎండ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మన అక్కచెల్లెళ్లు జీడి తోటల్లో, చేపలు ఎండబెట్టే ఇసుకలో పనిచేసేవారు. ఎండకు కమిలిన చర్మంపై లేజరు పడితే కాలే ప్రమాదం ఎక్కువ. కనుక తోట పనులు జోరుగా సాగే మండువేసవిలో మొదలుపెట్టకండి, పని తగ్గిన నెలల్లో పెట్టుకోండి. ముందు నాలుగు వారాలు ముఖానికి చెంగు కప్పుకోండి, ఎస్‌పీఎఫ్ 30 గాని అంతకు మించి గాని ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోండి. బండి మీద వెళ్లినా, రైలులో కిటికీ పక్కన కూర్చున్నా ఎండ ఎండే.

జీడి పిక్కలు వలిచే వారికి ఒక మాట. పెంకులోని రసం చేతులను కాల్చి నల్లగా చేస్తుంది, ఆ చేతితో ముఖం తుడుచుకుంటే అక్కడా పొక్కుతుంది. పొక్కిన చోట, తోలు ఊడుతున్న చోట పూర్తిగా మానేవరకు లేజరు వద్దు. పసుపు, గోరింటాకు, బ్లీచింగ్ విషయంలోనూ జాగ్రత్త. పెళ్లి నలుగు పసుపు పూర్తిగా వదిలాకే వెళ్లాలి. గోరింటాకు, పచ్చబొట్టు ఉన్నచోట ఆ రంగే కాంతిని పీల్చుకొని చర్మాన్ని కాలుస్తుంది. పుట్టుమచ్చను కప్పి ఉంచమని చెప్పండి.

నొప్పికి భయపడి కొందరు మందుల షాపులో మొద్దుబార్చే క్రీము కొని ఇంటి దగ్గరే దట్టంగా పూసుకొని బయలుదేరుతున్నారు. ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. 2007 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక విడుదల చేసింది. లేజరుకు ముందు ఇద్దరు యువతులు, ఒకరికి 22 ఏళ్లు, ఇంకొకరికి 25, కాళ్లకు ఇలాంటి క్రీము పూసుకొని, తమకు చెప్పిన ప్రకారమే పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. ఇద్దరికీ ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి, చనిపోయారు. ఆరోగ్యవంతులైన పిల్లలు, చర్మానికి రాసుకునే మందుతో!

ఈ క్రీములలో ఉండేది లిగ్నోకైన్ వంటి మందు. కుట్లు వేసేటప్పుడు మేము ఇంజెక్షనుగా ఇచ్చేదీ అదే, ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి ఇస్తాము. క్రీమును కాళ్ల నిండా పూసి, చుట్టి ఉంచితే ఎంత మందు రక్తంలోకి వెళ్తుందో ఎవరూ కొలవలేరు. అందుకే ఇంటి దగ్గర పూసుకోవద్దు. అవసరమైతే అక్కడి డాక్టరే, కొద్ది చోటుకు, కొద్దిసేపు రాయిస్తారు. రాసిన తరువాత నాలుక, పెదవులు తిమ్మిరెక్కినా, చెవుల్లో హోరు వచ్చినా, తల తిరిగినా వెంటనే తుడిచివేసి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. పై పెదవి నొప్పికి చల్లని గుడ్డ చాలావరకు సరిపోతుంది.

"పోనీ ఒక నొప్పి బిళ్ల వేసుకొని వెళ్తాం" అంటారు. ఉద్దానంలో ఉండి ఈ మాట అనకూడదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి, జబ్బు ఉన్న సంగతి తెలియనివారే మనలో చాలామంది. డాక్టరు చీటీ లేకుండా వద్దు.

ఇప్పటికే కిడ్నీ వైద్యంలో ఉన్నవారు ఇది శ్రద్ధగా చదవండి. మూత్రపిండ మార్పిడి తరువాత కొందరికి ఇచ్చే సైక్లోస్పోరిన్ వల్ల, లొంగని రక్తపోటుకు ఇచ్చే మినాక్సిడిల్ బిళ్లల వల్ల ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. అద్దం చూసి బెంగపడి ఆ మందు మానేయకండి. సైక్లోస్పోరిన్ ఆపితే పెట్టిన కిడ్నీయే పోవచ్చు. కిడ్నీ డాక్టరుకు చెప్పండి, మందు మార్చే వీలుంటే వారే మారుస్తారు. లేజరుకు కూడా వారు సరేనంటేనే వెళ్లాలి. డయాలిసిస్ ఫిస్టులా ఉన్న చేతి జోలికి ఎవరినీ రానివ్వకండి.

మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ మొదలుకొని మీరు మింగే ప్రతి మందు చీటీ వెంట తీసుకువెళ్లండి. పెదవి మీద నీటి పొక్కులు వచ్చే అలవాటుంటే చెప్పండి. గర్భిణులు కాన్పు అయ్యేవరకు ఆగాలి. నెలసరి తప్పుతూ గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తుంటే ముందు పీసీఓఎస్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. లోపలి కారణం అలాగే ఉంటే లేజరు చేసినా మళ్లీ వస్తాయి. కొద్ది నెలల్లోనే వేగంగా పెరిగినా, గొంతు మగగొంతులా మారినా అసలు ఆలస్యం చేయవద్దు. చెంపల మీది సన్నని నూగును మాత్రం వదిలేయండి. మన ఛాయ వారిలో లేజరు తగిలి నూగు ముదిరి పెరగడం కూడా ఉంది.

పెళ్లికి వారం ముందు వచ్చి "ఒక్కసారితో అయిపోతుందా" అంటే కాదు. వెంట్రుకలన్నీ ఒకేసారి ఎదగవు కనుక నాలుగు నుండి ఎనిమిది వారాల ఎడంతో ఆరు ఎనిమిది సార్లు వెళ్లవలసి ఉంటుంది. తగ్గుతాయి, సన్నబడతాయి, పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేము. తెల్లబడిన వెంట్రుకలపై పనిచేయదు. వెళ్లిన రోజు క్రీము, పౌడరు లేకుండా ముఖం కడుక్కోండి, వారిచ్చే కళ్లద్దాలు తీయకండి. ఆ వారం ఎండలో తిరిగి చర్మం కమిలి ఉంటే మాత్రం ఫోను చేసి తేదీ మార్పించుకోండి.