ఖరీదైన వైరుతో గాత్రం మారుతుందా?

ప్రశ్న: ఘంటసాల పాటలు వినడానికి సెట్టు కొంటున్నాను. వేల రూపాయల స్పీకరు వైరు వేస్తే గాత్రం విచ్చుకుంటుందని కంపెనీ పుస్తకంలో రాశారు. నిజమేనా అండీ?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ డబ్బు దాచుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 5 మీటర్లు వేస్తే, రానూపోనూ నిరోధం సుమారు 0.07 ఓమ్. మీ స్పీకరుది సాధారణంగా 8 ఓమ్‌లు. ఒక శాతానికి లోపు ఉన్న ఈ తేడా చెవికి అందదు. ‘వెచ్చదనం’, ‘లోతు’ అని రాసినచోట కొలతలు అడగండి. రెండు వైర్లను పోల్చేటప్పుడు శబ్దం రెండింటికీ సమానంగా పెట్టించండి. కాస్త బిగ్గరగా మోగేదే బాగున్నట్టు తోస్తుంది. ఏ వైరు తగిలించారో చూడకుండా వినండి. మిగిలిన డబ్బు మంచి స్పీకర్లకు, గదిలో ప్రతిధ్వని తగ్గించే మందపాటి తెరలకు పెట్టండి. మన కోనసీమ తేమకు రాగి కొసలు నల్లబడతాయి; అప్పుడప్పుడు శుభ్రం చేసి బిగించండి.