తొలి ట్రయథ్లాను ఈతకు తగిన వెట్‌సూటు

మన చెరువులలోను కాలువలలోను ఈత నేర్చినవారు కొందరు పైచదువులకై ఇంగ్లండునకును అమెరికాకును పోవుచున్నారు. అచ్చట ట్రయథ్లాను అను పందెమున పాల్గొనవలెనని వారికి కోరిక పుట్టవచ్చును. ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట అను మూడింటిని వరుసగా చేయుటయే ఈ పందెము. ఇది 1974వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌డియాగో నగరమున ఈ పేరుతో మొదలై, 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఒలింపిక్ పందెములో ఈత 1,500 మీటర్లు. క్రొత్తవారికి అనువైన చిన్న పందెములో 750 మీటర్లు.

మనవారిని బెదరించునది దూరము కాదు, చలి. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని కొనిపోవును. 15 డిగ్రీల సెంటీగ్రేడు గల సరస్సులో దిగినతోడనే మన ప్రయత్నము లేకయే ఊపిరి ఎగబీల్చుదుము. అప్పుడు ముఖము నీటిలో నున్నచో అపాయము. కావున వెట్‌సూటు అలంకారము కాదు.

ఈ ఉడుపు నియోప్రీను అను కృత్రిమ రబ్బరుతో చేయబడును. 1950వ దశకపు తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్ దీనిని రూపొందించెను. లోపల చేరిన నీరే వెచ్చదనము నిచ్చునని పలువురు తలంతురు. కాని వేడిని ముఖ్యముగా నిలుపునవి రబ్బరులోని సూక్ష్మమైన గాలిబుడగలు. దేహమును తేల్చునవియు నవియే.

ఇక ఎన్నిక విషయము. మొదటిది కొలత. సూటు వదులైనచో చన్నీరు మాటిమాటికి లోనికి వచ్చి పోవుచుండును. మిక్కిలి బిగువైనచో రొమ్ము విప్పారదు. తొడిగికొని మెడ, చంకలు, నడుము, గజ్జలు తడవి చూడుడు. ఎచ్చటను ముడుతగాని ఖాళీగాని యుండరాదు. చేతులు తలపైకెత్తి ఈదునట్లు త్రిప్పుడు. పిదప నిండుగా ఊపిరి పీల్చుడు. అది సాధ్యము కానిచో, ఎంత వెలగల సూటైనను మీది కాదు.

రెండవది మందము. ఈతసూటులలో సాధారణముగా భుజములకడ పలుచగాను, రొమ్మునకును తొడలకును మందముగాను రబ్బరుండును. కాళ్లు మునుగువారికి తొడలకడ మందము మేలు. కాళ్లు తామే తేలువారికి అంత మందము అక్కరలేదు. చేతులు లేని సూటు భుజములకు స్వేచ్ఛ నిచ్చును గాని వెచ్చదనము తక్కువ. అలలపై పలకతో ఆడువారి సూటును ఈతకు కొనకుడు. దాని భుజములు చేతిని త్వరగా అలయించును.

మూడవది నియమములు. ప్రపంచ సమాఖ్య నియమముల ప్రకారము రబ్బరు 5 మిల్లీమీటర్లకు మించరాదు. వయోవర్గముల పోటీదారులకు, 1,500 మీటర్ల ఈతలో, నీరు 22 డిగ్రీలు దాటినచో సూటు నిషిద్ధము. గోవావంటి వెచ్చని సముద్రతీరమున దీని యక్కరయే యుండదు. కావున కొనకమున్ను ఆయా పందెపు నియమములు చదువవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. తొలిసారికే క్రొత్తది కొననక్కరలేదు. ఆ దేశములలో సూటులు అద్దెకు దొరకును. అయినను స్నేహితుడిచ్చెనని కొలత కుదరని సూటుతో నీట దిగుట తగదు.

సూటు తొడుగునపుడు గోళ్లతో లాగకుడు, రబ్బరు చినుగును. ముందుగా గజ్జలవరకు, తరువాత చంకలవరకు పూర్తిగా ఎక్కింపుడు. మెడ ఒరయకుండ లేపనము పూయుడు. ఒడ్డునకు వచ్చినపుడు విప్పుటయు ముందే అభ్యసింపుడు. వాడిన పిదప మంచినీట కడిగి నీడను ఆరవేయుడు.

అన్నిటికంటె ముఖ్యమిది: పందెపు దినముననే మొదటిసారి సూటు తొడుగకుడు. మునుపే కొన్ని పర్యాయములు చల్లని నీటిలో, తోడుగా నొకరుండగా, ఒడ్డు వెంబడి ఈదుడు. మొదట ముఖమున నీరు చల్లుకొని, ఊపిరి కుదుటపడిన పిదపనే సాగుడు. నడినీట ఊపిరి సలుపనిచో వెల్లకిల తిరిగి తేలుడు. చేయెత్తి రక్షకులను పిలువుడు. అందు అవమానము లేదు.

సూటు ఈతగానికి తోడు మాత్రమే. ఈత రానివానిని అది ఈతగానిని చేయజాలదు. కావున ముందు ఈత, పిదప కొలత, చివర వెల. ఈ వరుస మరువకున్నవాడు ఒడ్డు చేరి, సంతోషముతో సైకిలు నెక్కును.