యుద్ధకాలపు జీపు : దాని యంత్రోద్ధరణము

1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడిన ఆ యుద్ధకాలముననే విల్లీస్, ఫోర్డు కర్మాగారములు లక్షలకొలది సైనికపు జీపులను నిర్మించెను. అట్టి జీపు వాకాడు వంటి తీరగ్రామమున ఏండ్లకొలది నిలిచిపోయినయెడల, ఉప్పుగాలికి సిలిండర్లు తుప్పుపట్టి పిస్టనులు బిగిసిపోవును. దానిని బాగుచేయు క్రమమును ఇచ్చట వివరింతుము.

హ్యాండిలును బలముతో త్రిప్పరాదు. పిస్టను రింగులు విఱుగును. మొదట నాలుగు ప్లగ్గులను విప్పి, ప్రతి సిలిండరులోను కొంచెము నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిమ్మట మెల్లగా కదల్పవలెను.

ఇఁక నిప్పురవ్వ సంగతి. బ్యాటరీ బలము 6 వోల్టులే. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడిన క్షణమున కాయిలు దానిని వేల వోల్టులుగా పెంచును. పాయింట్లపై పొర కట్టినచో రవ్వ పుట్టదు. కావున వానిని శుభ్రపఱచి, అంగుళములో వేయింట 20 వంతుల యెడమును, ప్లగ్గులకు 30 వంతుల యెడమును ఉంచవలెను. రవ్వ 1, 3, 4, 2 అను వరుసను సిలిండర్లకు అందవలెను.

రవ్వ మిక్కిలి ముందుగా పడినచో హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టును విఱుచును. కనుక బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లవైపే యుంచి, హ్యాండిలును పైకి లాగవలెనే గాని క్రిందికి నొక్కరాదు. విద్యార్థులు ఈ పనిని అనుభవజ్ఞుల సమక్షముననే చేయుదురుగాక.