బ్రాంప్టన్‌లో విడాకులు: సుపీరియర్ కోర్టు అంటే హైకోర్టేనా?

ప్రశ్న: కెనడాలో మా అమ్మాయి విడాకుల కేసు ఒంటారియో సుపీరియర్ కోర్టులో వేశారు. కింది కోర్టు దాటి నేరుగా హైకోర్టుకు వెళ్లిందా? ఓడితే ఇక దారి లేదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. ఒంటారియోలో విడాకులు మంజూరు చేసే అధికారం ఆ కోర్టుకే ఉంది, అక్కడే మొదలవ్వాలి. చేసే పని మన జిల్లా కోర్టు లాంటిది, జడ్జీల హోదా మాత్రం హైకోర్టు స్థాయిది. భవనాలు, సిబ్బంది రాష్ట్రానివి. జడ్జీల నియామకం, జీతం కేంద్రానివి. 1867 నాటి రాజ్యాంగ చట్టం చేసిన ఏర్పాటిది. రాష్ట్ర ప్రభుత్వంపై దావా పడినా జడ్జి జంకనక్కర్లేదు కాబట్టి, నా దృష్టిలో మంచి ఏర్పాటే. తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభలూ కోరాలి. పదవీ విరమణ 75 ఏళ్లకు. మన హైకోర్టులో 62కే.

ఒంటారియో సుపీరియర్ కోర్టుకు పైన ప్రధాన న్యాయమూర్తి ఉంటారు. రాష్ట్రాన్ని 8 ప్రాంతాలుగా విభజించి, ఒక్కోదానికి ఒక సీనియర్ జడ్జిని పెట్టారు. మీ అమ్మాయి కేసున్న బ్రాంప్టన్ సెంట్రల్ వెస్ట్ ప్రాంతంలోకి వస్తుంది. చిన్న మొత్తాల దావాలకు, కొన్ని రకాల అప్పీళ్లకు ఇదే కోర్టులో వేరే శాఖలున్నాయి. వాటితో మీకు పనిలేదు.

తీర్పు నచ్చకపోతే టొరంటోలోని అప్పీలు కోర్టుకు వెళ్లొచ్చు, ఆపైన ఒట్టావాలో సుప్రీంకోర్టు ఉంది. ఒక్క జాగ్రత్త: తీర్పు వచ్చిన 31వ రోజునే సాధారణంగా విడాకులు అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా మళ్లీ పెళ్లి ముహూర్తం పెట్టించకండి.